లేని స్విచ్చికి గల హద్దు

బి.కొత్తకోటలో మీసేవ కేంద్రము గడపలో అడంగలు నకలు కొరకు నిలుచున్న రైతునకు "సర్వరు బిజీ" యను మాట క్రొత్తది కాదు. 2011 నవంబరులో ఈ మీసేవ పథకము మొదలైనది చిత్తూరు జిల్లాలోనే, బి.కొత్తకోట అప్పటికి ఆ జిల్లాలోని ఊరే. నాటినుండి యంత్రములు ఎన్ని మారినను ఆ మాట మాత్రము మారలేదు. అయితే అది అన్నివేళల నిజము కాదు. సర్వరు తీరికగానే కూర్చుండి యుండవచ్చును; దానిని చేరవలసిన ప్రశ్నయే దారిలో ఎక్కడనో రాలిపోయి యుండవచ్చును. అట్లు రాలిపోవు చోట్లలో ఒకటి కంటికి కనబడనిది, చేతికి అందనిది. దాని పేరు వర్చువల్ స్విచ్చి. లేని స్విచ్చి యని తెనుగున చెప్పుకొనవచ్చును. లేనిదానికి హద్దు ఎట్లుండును, ఆ హద్దును ఎరుగకపోయినచో వచ్చు నష్టమేమి యను సంగతి నేటి ప్రసంగమునకు విషయము.

మీరు పంపిన అర్జీ తీగమీద ఒక్క ముద్దగా పోదు. చిన్నచిన్న పొట్లములుగా విడిపోయి పోవును. ఈ పొట్లములకే ప్యాకెట్లని పేరు. ఒక్కొక్కదాని మీద ఎవరినుండి ఎవరికి అను చిరునామా వ్రాసియుండును. మన రాష్ట్రమున విద్యుత్తు స్తంభముల మీదుగా గాజుతీగను పల్లెలకు లాగిన ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ జాతికి అంకితము చేసిరి. ఆరంభమున నెలకు 149 రూపాయలకే టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడును ఒకే తీగమీద ఇచ్చిరి. ఒకే తీగమీద పాట, మాట, చిత్రము, అర్జీ అన్నియు ప్యాకెట్లుగా కలసిమెలసి పోవుచుండునన్న మాట. అవి చివరకు చేరు పెద్ద కేంద్రములలో వందలకొలది కంప్యూటర్లు వరుసలు తీరి యుండును. అందులోనికి పోవుటకు ముందు ప్రతి ప్యాకెట్టును ఒక కావలివాడు తనిఖీ చేయును. ఆ కావలికి ఫైర్‌వాల్ అని పేరు; నిప్పును ఆపు గోడ యని అర్థము.

కుప్పము ప్రాంతము వారికి కావలి యనగా వేరుగా చెప్పనక్కరలేదు. ఒకవైపు కర్ణాటకము, మరియొకవైపు తమిళనాడు. 2017లో జి.యస్.టి. రాకముందు సరిహద్దు చెక్‌పోస్టుల వద్ద లారీలు బారులు తీరి నిలిచిన దృశ్యము చాలమందికి జ్ఞాపకముండును. సరుకేమి, చీటీ యున్నదా, ఎచటినుండి ఎచటికి అని అడిగి వదలుట చెక్‌పోస్టు పని. ఫైర్‌వాల్ చేయు పనియు అదియే.

పూర్వము ఈ ఫైర్‌వాల్ ఒక ఇనుపపెట్టె. దానికి ఒక తీగ లోనికి, ఒక తీగ బయటికి. ఇప్పుడు చాలచోట్ల పెట్టె పోయినది. ఒకే పెద్ద కంప్యూటరులో పది పన్నెండు కల్పిత కంప్యూటర్లను సృష్టించి, అందులో ఒకదానికి కావలిపని అప్పగించుచున్నారు. ఒక యంత్రమును పలు యంత్రములుగా నటింపజేయు ఈ విద్య క్రొత్తదేమియు కాదు. 1960 దశకములోనే ఐ.బి.యం. వారు తమ పెద్దయంత్రముల మీద దీనిని సాధించిరి. సామాన్యమైన కంప్యూటర్లకు దీనిని తెచ్చినది 1998లో స్థాపితమైన వి.యం.వేర్ సంస్థ. తరువాత 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునుండి జెన్, 2007లో లైనక్సులో కలిసిన కె.వి.యం. వచ్చినవి. 2012 అక్టోబరులో టెలిఫోను కంపెనీలు కొన్ని కూడి, ఇకమీదట ఫైర్‌వాల్ మొదలైన పనులన్నిటికి వేరువేరు పెట్టెలు కొనక, మామూలు సర్వర్ల మీద ప్రోగ్రాములుగా నడుపుకొందమని ఒక పత్రము ప్రకటించినవి. నాటినుండి ఈ వాడుక మరింత ప్రబలినది. ఖర్చు తగ్గును, స్థలము తగ్గును, కావలసినప్పుడు నిమిషములలో క్రొత్త కావలివానిని పుట్టింపవచ్చును. ఇందు మోసమేమియు లేదు. లాభము నిజమైన లాభమే.

చిక్కు మరియొకచోట నున్నది. ఒకే ఇంటిలో పది కల్పిత కంప్యూటర్లు ఉన్నప్పుడు, వెలుపలినుండి వచ్చిన ప్యాకెట్టు ఏ గదికి పోవలెనో చెప్పువాడు ఒకడు కావలెను గదా! వెలుపలి ప్రపంచమున ఆ పని చేయునది స్విచ్చి యను పరికరము. దానిలో ఆ పనికే పుట్టిన సిలికాన్ చిప్పు ఉండును. మరియొక పని దానికి తెలియదు, అవసరమును లేదు. కాని కల్పిత యంత్రముల నడుమ నుండు స్విచ్చి కూడ కల్పితమే. అది కేవలము ఒక ప్రోగ్రాము. దానికి సొంత చిప్పు లేదు, సొంత బలము లేదు. లెక్కలు చేయు ఆ ప్రాసెసరునే కొంతసేపు అరువు తెచ్చుకొని తన పని చేసికొనవలెను. 2009 నుండి అందరికి ఉచితముగా లభించుచున్న ఓపెన్ వి-స్విచ్ అనునది ఈ జాతిలో ప్రసిద్ధమైనది.

ఈ అరువు బలము ఎంతవరకు చాలును? ఇది తెలియవలెనన్న మదనపల్లె టమాటా మార్కెట్టు గేటు వద్దకు ఒకసారి పోవలెను. ఒక లారీలో పది టన్నుల టమాటాలు వచ్చినవనుకొందము. గేటు గుమాస్తా ఒక చీటీ వ్రాసి లోనికి వదలును. అదే పది టన్నులు, తలకొక గంపగా, వేయిమంది మనుష్యులు మోసికొని వచ్చిరనుకొందము. వేయి చీటీలు వ్రాయవలెను. సరుకు బరువు మారలేదు, గేటు వెడల్పు మారలేదు. గుమాస్తా చేయి మాత్రము పడిపోవును. స్విచ్చికైనను, ఫైర్‌వాల్ కైనను ఖర్చు సరుకు బరువును బట్టి కాదు, చీటీల సంఖ్యను బట్టి యుండును. ప్యాకెట్టు పెద్దదైనను, చిన్నదైనను దాని చిరునామా చదువుట, పట్టికలో వెదకుట, వదలుట అను పనులు ఒక్కటే. ఈ ఒక్క సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఇప్పుడు లెక్క చూతము. నేడు సర్వర్లకు తగిలించు తీగ సెకండునకు పది గిగాబిట్లు, అనగా వేయి కోట్ల బిట్లు మోయుట సర్వసాధారణము. అంతకు పదిరెట్లు మోయునవియు కలవు. ఈథర్‌నెట్ పద్ధతిలో మిక్కిలి పెద్ద ప్యాకెట్టు 1518 బైట్లు, మిక్కిలి చిన్నది 64 బైట్లు. ప్రతి ప్యాకెట్టుకు ముందు పలుకరింపుగా 8 బైట్లు, వెనుక ఎడముగా 12 బైట్లు విడువవలెను. పెద్ద ప్యాకెట్లతో తీగను నింపినచో సెకండునకు ఎనిమిది లక్షల పండ్రెండు వేల ప్యాకెట్లు పట్టును. చిన్న ప్యాకెట్లతో నింపినచో కోటి నలువది ఎనిమిది లక్షల ఎనుబది వేలు! అనగా పదునెనిమిది రెట్లు. పెద్ద ప్యాకెట్టుకు, దాని వెనుకనే వచ్చు ప్యాకెట్టుకు నడుమ 1230 నానోసెకండ్ల వ్యవధి యుండగా, చిన్నవాని నడుమ 67 నానోసెకండ్లే యుండును. నానోసెకండనగా సెకండులో నూరుకోట్లవ వంతు. ఆ 67 నానోసెకండ్లలో వెలుగు శూన్యములో ఇరువది మీటర్లు మాత్రమే పోగలదు. ఇంటి వాకిటినుండి పెరటి గోడవరకు అన్నమాట.

సెకండునకు మూడువందల కోట్ల పర్యాయములు టిక్కుమను ప్రాసెసరునకు ఈ వ్యవధిలో దొరకునవి రెండువందల టిక్కులు. ఆ రెండువందలలోనే ప్యాకెట్టును అందుకొని, చదివి, పట్టికలో వెదకి, తగిన గది వాకిట పెట్టి రావలెను. చదువవలసిన అంకె ప్రాసెసరు పక్కనున్న చిన్న కొట్టులో దొరకిన సరి. లేక ప్రధానమైన మెమరీ దాక పోయి తెచ్చుకొనవలసి వచ్చినచో ఆ ఒక్క ప్రయాణమునకే డెబ్బది నుండి నూరు నానోసెకండ్లు పట్టును. ఒక్కసారి గోదాముకు పోయి వచ్చునంతలో వెనుక ప్యాకెట్టు తలుపు తట్టుచున్నది! ఇందుచేతనే సాధారణమైన లైనక్సు మార్గమున నడచు కల్పిత స్విచ్చి, ఒక ప్రాసెసరు కోరు బలముతో సెకండునకు పది లక్షల ప్యాకెట్లు, కొంచెము అటునిటుగా, మార్చి అలసిపోవును. పెద్ద ప్యాకెట్లకు ఈ బలము చాలును. చిన్నవానికి తీగ బలములో సుమారు పదునైదవ వంతునకు మాత్రమే చాలును.

ఫైర్‌వాల్ విషయమున ఈ కష్టము రెట్టింపగును. శ్రోతలు ఇచట కొంచెము నిదానించి వినవలెను. మామూలు కల్పిత కంప్యూటరునకు వచ్చిన ప్యాకెట్టు స్విచ్చిని ఒక్కసారి దాటి గదిలోనికి పోయి ఆగిపోవును. కావలివాని గది అట్టిది కాదు. ప్యాకెట్టు స్విచ్చిని దాటి కావలివానిని చేరును. తనిఖీ అయిన పిదప మరల స్విచ్చిలోనికే వచ్చి, తన అసలు గమ్యమునకు పోవును. ఒక ప్యాకెట్టునకు రెండు మార్పులు. వైరసులను వెదకు మరియొక కావలివానిని అతని వెనుక నిలిపినచో మూడు. కాగితము మీద బొమ్మ గీసినప్పుడు ఇవన్నియు వరుసగా నిలిచిన పెట్టెలవలె కనబడును. నిజమునకు ఒక్కటే గేటుకు మరల మరల వచ్చి నిలుచుచున్నవి.

టెలిఫోను మాటనే ఉదాహరణముగా గ్రహింతము. తీగమీద పోవు మాటను సాధారణముగా సెకండునకు ఏబది ముక్కలుగా కోయుదురు. ఒక్కొక్క ముక్కలో 160 బైట్ల ధ్వని. చిరునామాలు, ఎడములు అన్నియు కలిపి తీగమీద 238 బైట్లు. ఇద్దరు మాటలాడుదురు గనుక రెండు దిక్కుల కలిపి సెకండునకు నూరు ప్యాకెట్లు. కావలివాని మీదుగా పోవును గనుక స్విచ్చికి రెండువందల మార్పులు. పది లక్షల మార్పుల బలమున్న స్విచ్చి ఎన్ని సంభాషణలను మోయును? అయిదువేలు. అయిదువేల సంభాషణలకు తీగమీద ఒక్కొక్క దిక్కున పట్టునది 47 కోట్ల 60 లక్షల బిట్లు, అనగా పది గిగాబిట్ల తీగలో నూటికి అయిదు పాళ్ళు కూడ కాదు. తీగ ఖాళీ, కావలివాడు తీరిక, సర్వరు తీరిక. మాట మాత్రము తెగితెగి వినబడుచుండును. ఇట్టి వేళ తీగ వెడల్పు పెంచినచో ఏమి ఫలము?

నేనెరిగిన ఒక సంస్థలో ఇట్లే జరిగినది. పరీక్షాఫలితములు వెలువడు దినము. వేలమంది పిల్లలు ఒకేసారి సంఖ్యలు నొక్కుచున్నారు. ప్రశ్నయు చిన్నది, జవాబును చిన్నది, అన్నియు చిన్న ప్యాకెట్లే. పుటలు తెరచుకొనకపోయెను. ఫైర్‌వాల్ లెక్కలు చూడగా దాని బలములో మూడవవంతే ఖర్చగుచున్నది. అయినను కావలివాడు మెల్లగా చూచుచున్నాడని అందరును అనుమానించిరి, నేనును అనుమానించితిని. తనిఖీ నిబంధనలను ఒక్కొక్కటిగా సడలించితిమి. వేగము పెరుగలేదు. ఇంకను సడలించితిమి. మూడవ దినమున ఒక కుఱ్ఱవాడు కల్పిత యంత్రములనన్నిటిని మోయుచున్న అసలు యంత్రము లెక్కలు తెరచి చూచినాడు. అందు ఒక్క కోరు నూటికి నూరుపాళ్ళు మునిగియున్నది. స్విచ్చి గడపలో రాలిపోయిన ప్యాకెట్ల సంఖ్య గిరగిర తిరుగుచున్నది. కావలివాని దినచర్య పుస్తకములో ఆ రాలినవాని ఊసే లేదు. ఎట్లుండును? అవి అతనిని చేరనేలేదు గదా! మేము మూడు దినములు వాకిలి తెరచిపెట్టి, లాభము మాత్రము కాసంతయు పొందలేదు. ఆ మూడు దినములలో దొంగ యెవడును రాకపోవుట మా అదృష్టమే గాని మా తెలివి కాదు.

ఈ విషయమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. హద్దు ఉన్నచోటు తెలియనివాడు వేగము కొరకు కాపును బలియిచ్చును.

దొంగలకు మాత్రము ఈ హద్దు తెలియును. ఓపెన్ వి-స్విచ్ వంటి స్విచ్చిలు ఒక ఉపాయముతో బ్రతుకుచున్నవి. క్రొత్త ప్రయాణములోని మొదటి ప్యాకెట్టు రాగానే నిదానముగా పెద్దపట్టికలన్నియు వెదకి నిర్ణయము చేయును. ఆ నిర్ణయమును చేతికందు చిన్నపట్టికలో వ్రాసికొని, వెనుకవచ్చు ప్యాకెట్లను చూచినంతనే వదలును. మన గుమాస్తా తెలిసిన రైతును చేయి ఊపి పంపినట్లు. కాని ఎవడో కావలెనని ప్రతి ప్యాకెట్టును క్రొత్త ముఖముతో పంపినచో? ప్రతిదియు మొదటి ప్యాకెట్టే యగును; నిదానపు దారినే పోవును; చిన్నపట్టిక నిండి ఉబ్బిపోవును. అప్పుడు పది లక్షల బలము ఏ కొన్నివేలకో పడిపోవును. ఇట్టి దాడికి పెద్ద తీగ అక్కరలేదని పరిశోధకులు 2019లో ప్రయోగపూర్వకముగా చూపిరి.

మందులు లేకపోలేదు. మొదటిది, ప్యాకెట్టు వచ్చినప్పుడెల్ల గంట కొట్టి ప్రాసెసరును లేపుట మాని, ఒక కోరును గడపలోనే కూర్చుండబెట్టి రెప్పవాల్చక చూడుమనుట. ఇంటెల్ సంస్థ 2010 ప్రాంతమున మొదలిడిన డి.పి.డి.కె. అను సామగ్రి ఈ మార్గముననే నడచును. ఒక కోరు పది లక్షలకు మారుగా కోటి దాక మోయుట దీనివలన సాధ్యమైనది. కాని ఆ కోరు ప్యాకెట్టు వచ్చినను రాకున్నను నూరుపాళ్ళు తిరుగుచునే యుండును. వేరు పనికి రాదు, కరెంటు ఖర్చు తప్పదు. రాత్రి రెండుగంటల వేళ ఒక్క రైతును రాని మార్కెట్టుకు గుమాస్తాను నిలబెట్టి జీతమిచ్చినట్లే. అయినను రద్దీ గల కేంద్రములకు ఇది న్యాయమైన ఖర్చే యని నా అభిప్రాయము.

రెండవది, కల్పిత స్విచ్చిని తప్పించుట. తీగ తగిలించు కార్డునే పలు చిన్న కార్డులుగా నటింపజేసి, ఒకదానిని కావలివానికి నేరుగా ఇచ్చివేయుదురు. ఎస్.ఆర్.-ఐ.ఓ.వి. అను ఈ ఏర్పాటునకు 2007లో ప్రమాణము ఏర్పడినది. వేగము మెండు. కాని ఒకే యంత్రములోని ఇరుగుపొరుగు గదుల నడుమ పోవు ప్యాకెట్ల మీద స్విచ్చికి గల అదుపు చాలవరకు పోవును; నడచుచున్న కల్పిత యంత్రమును ఆపకుండ వేరొక సర్వరునకు తరలించుటయు కష్టమగును. ఏ సౌకర్యము కొరకు పెట్టెను విడిచి వచ్చితిమో దానిలో కొంత తిరిగి చెల్లించివేయుట యన్నమాట. ఇక కోర్ల సంఖ్యను పెంచుట యొకటి కలదు. అది పలువురి ప్రయాణములను పంచుకొనుటకు పనికివచ్చును గాని, ఒక్కరి ఒకే పెద్ద ప్రయాణము సాధారణముగా ఒక్క కోరుకే అంటుకొని యుండును.

కొనువారికి ఒక మాట. ఫైర్‌వాల్ అమ్మువారి పత్రికలో "పది గిగాబిట్లు" అని పెద్ద అక్షరములతో నుండును. ఆ అంకె అబద్ధము కాకపోవచ్చును. పెద్ద ప్యాకెట్లతో కొలిచినది కావచ్చును. టమాటా లెక్కలో అది లారీల లెక్క. 1999లో ఇంటర్నెట్టు ఇంజనీర్లు ప్రకటించిన కొలత పద్ధతి ప్రకారము 64 బైట్లు మొదలు 1518 బైట్ల వరకు ఏడు పరిమాణములతో పరీక్షింపవలెను. ఒక్క ప్యాకెట్టయినను రాలకుండ మోసిన గరిష్ఠ వేగమునే వేగమని చెప్పవలెను. క్రొత్తతరము ఫైర్‌వాళ్ళకు 2023లో వేరొక పద్ధతి వెలువడినది. నిజమైన వాడుకలో పెద్దవి, చిన్నవి కలసి వచ్చును. వాడుకలోనున్న ఒక సామాన్యపు మిశ్రమములో పండ్రెండింట ఏడు మిక్కిలి చిన్నవి, నాలుగు నడిమివి, ఒకటి పెద్దది. ఆ మిశ్రమముతో పది గిగాబిట్ల తీగ నిండవలెనన్న సెకండునకు సుమారు ముప్పదిమూడు లక్షల ప్యాకెట్లు కావలెను. కావున అడుగవలసిన ప్రశ్న "ఎన్ని గిగాబిట్లు?" అని కాదు. "సెకండునకు ఎన్ని ప్యాకెట్లు, ఎంత పరిమాణమువి, ఏ స్విచ్చి మీద, ఎన్ని కోర్లు ఇచ్చి, నిబంధనలన్నియు అమలులోనుంచి కొలిచితిరా?" అని అడుగవలెను. ఈ ప్రశ్నకు అమ్మువాడు తడబడినచో పరీక్ష మన ఇంటనే చేసికొనుట మేలు. గృహస్థులకు ఇంత చింత అక్కరలేదు. ఇంటి తీగ వేగమునకు ఇంటి రూటరు ధారాళముగా చాలును.

ఇటీవల గాలి మరల తిరిగినది. స్విచ్చి పనిని ప్రాసెసరునుండి తీసి, ప్రత్యేకమైన చిప్పులు గల కార్డుకు అప్పగించుచున్నారు. అమెజాన్ సంస్థ నైట్రో అను పేరిట ఇట్టి ఏర్పాటును 2017లో ప్రకటించినది. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదున తెరచిన కేంద్రములలో కూడ కల్పిత యంత్రములకు ఈ కార్డులే దారి చూపుచున్నవి. ఇనుమునుండి ప్రోగ్రాముగా మారిన స్విచ్చి మరల ఇనుములోనికే పోయినదన్నమాట. హద్దు మాత్రము పోలేదు. అచట అద్దెకు తీసికొనిన ప్రతి యంత్రమునకు ఇన్ని బిట్లని ఒకటి, సెకండునకు ఇన్ని ప్యాకెట్లని వేరొకటి, రెండు హద్దులు కలవు. రెండవ హద్దు దాటినందున ఆగినవి, రాలినవి ఎన్ని యని లెక్కించు ఒక అంకె ఆ యంత్రములోనే కనబడును. "సర్వరు బిజీ" యని ఎవరయినను అన్నప్పుడు, తనిఖీ నిబంధనల మీద చేయి వేయకముందు, చూడవలసిన అంకె అది.